నుదుట పసుపు మచ్చ గల ఆస్తి

మా పెయ్య పెరుగుతోందన్న సంగతి ప్రభుత్వానికి శ్రావణమాసంలో తెలిసింది. మాకు అంతకు ముందే తెలుసు. కానీ అది తప్పని మేం అనుకోలేదు.

మొదటి నుంచి రాస్తాను. మా అమ్మ తిరపతమ్మ రోజూ పొద్దున్నే ఊళ్ళో రైతుల కొట్టాల్లో పేడ తీయడానికి పోతుంది. మా నాన్న బోరుబండి వెంట ఊళ్ళు తిరుగుతాడు. ఇంట్లో నాయనమ్మ, నేను.

"ఊరందరి గేదెల కిందా ఊడ్చా. మనదంటూ ఒక గేదె ఉంటే, దాని కింద ఊడ్చేటప్పుడు నడుం నొప్పి కూడా తెలవదు" అనేది అమ్మ.

అందుకే క్షీరసోపానం పథకం వచ్చిందని చెప్పగానే వరసలో అందరికంటే ముందు నిలబడింది. ఏడాది గేదె పెయ్యను ఉచితంగా ఇస్తారు. మూడేళ్ళపాటు అది ప్రభుత్వ పర్యవేక్షణలో ఉంటుంది, ఆ తర్వాత మనదే. నియమం ఒక్కటే. ప్రతి సోమవారం యాప్‌లో ఫొటో పెట్టాలి. ఆ ఫొటోలో లబ్ధిదారు, ఆస్తి, స్థలం, ఈ మూడూ మొదటి రోజు తీసిన మూలచిత్రంలో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉండాలి.

ఇదివరకు ఇదే పథకంలో కుట్టుమిషన్లు ఇచ్చేవారట. వాటికి రాసిన నియమాలనే పెయ్యలకూ ఉంచారు. కుట్టుమిషను మూడేళ్ళయినా ఒకేలా ఉంటుంది. ఆ మాట కాదనలేం.

పెయ్య వచ్చిన రోజు ఇల్లంతా పండగలా ఉంది. అమ్మ తన పెళ్ళినాటి నేరేడుపండు రంగు పట్టుచీర కట్టుకుంది. "కొత్త గొడ్డును బోడి మొహంతో గడప దాటిస్తారా ఎవరైనా?" అని నాయనమ్మ పసుపు నూరి, పెయ్య నుదుటన గుండ్రంగా బొట్టు పెట్టింది. పెయ్య నల్లగా నిగనిగలాడుతుంటే నల్లపూస అని పేరు పెట్టాం. మూలచిత్రం తీయడానికి పర్యవేక్షకులు భుజంగరావు గారు వచ్చారు. ఆయన ఫోను ఎత్తిన సమయానికే పక్కింటి కోటయ్య బాబాయి కోడిపుంజు గోడ దూకి వచ్చి, అమ్మ పక్కన మెడ నిక్కించి నిలబడింది.

"కదలొద్దు" అన్నారు భుజంగరావు గారు. అమ్మ కదలలేదు. పెయ్య కదలలేదు. పుంజు కూడా కదలలేదు.

ఆయన చెట్టు నీడన కూర్చుని వివరాలు నింపారు. గుర్తింపు చిహ్నం అన్నచోట 'నుదుటిపై పసుపు మచ్చ, గుండ్రం' అని రాశారు. స్థలంలోని ఇతర శాశ్వత నిర్మాణాలు అన్నచోట 'కోడి, ఒకటి' అని రాశారు. పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను. చెప్పాలనుకున్నాను. కానీ కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు రాదు. ఆయన యాప్ మూసేశారు.

ఫోను వాడడం మా ఇంట్లో నాకే వచ్చు. అందుకని ఫొటోలు నా వంతు. మొదటి సోమవారం తీసి పెడితే, యాప్‌లో ఎర్రటి అక్షరాలతో వచ్చింది: 'ఆస్తి సరిపోలలేదు. లబ్ధిదారు సరిపోలలేదు. స్థలం అసంపూర్ణం.'

పసుపు చెరిగిపోయింది. అమ్మ నూలుచీరలో ఉంది. పుంజు లేదు.

నాయనమ్మ ఆగలేక మండలాఫీసుకు నన్నూ అమ్మనూ లాక్కుపోయింది.

"అయ్యా, అదేమన్నా పుట్టుమచ్చా? పొద్దున నేను పెట్టిన బొట్టు గదా అది!"

"ఎవరు పెట్టారన్నది మా పరిధిలోకి రాదమ్మా" అన్నారు భుజంగరావు గారు మర్యాదగానే. "ఉన్నదా, లేదా అన్నదే మా పరిధి. ఆ రోజు ఉన్నది. ఈ రోజు లేదు. మచ్చ లేని ఆస్తి ప్రభుత్వం ఇచ్చిన ఆస్తి అని నేనెట్లా సంతకం పెడతాను?"

"మరి కోడి మాది కాదు సార్, పక్కింటోళ్ళది" అంది అమ్మ.

"యాజమాన్యం వేరు, ఉనికి వేరు. ఉనికి తప్పనిసరి."

"సరిపోలకపోతే ఏం చేస్తారు?"

"స్వాధీనం చేసుకుని, సరిపోలే లబ్ధిదారుకు ఇస్తాం."

ఆ మాటతో అమ్మ లేచింది. ఇంటికొచ్చి పట్టుచీర తీసి దండెం మీద వేసింది.

అప్పటి నుంచి మా ఇంట్లో సోమవారం ఒక పెద్ద కార్యక్రమం అయింది. నాయనమ్మ పసుపు నూరేది. అమ్మ పట్టుచీర కట్టేది. పుంజును పట్టుకోవడానికి నేనూ బాబాయీ పెరడంతా పరుగెత్తేవాళ్ళం. ఫొటో అయ్యాక చీర మార్చుకునే తీరిక లేక, అమ్మ పట్టుచీరలోనే పేడ తీయడానికి పోయేది.

"ఏమ్మే తిరపతమ్మా! సోమవారం సోమవారం పెళ్ళిపేరంటానికి పోతన్నావా?" అని దారిలో ఆడవాళ్ళు అడిగేవాళ్ళు.

"ఆఁ, సర్కారు వారి పెళ్ళి" అనేది అమ్మ ఆగకుండా.

కోటయ్య బాబాయి ఆ పుంజును దసరాకు కోసుకుందామనుకున్నాడు. అమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

"వదినా, అది నా కోడి" అన్నాడు బాబాయి.

"నీ కోడే. కాదన్నానా? కాకపోతే శాశ్వత నిర్మాణం."

బాబాయి కత్తి లోపల పెట్టాడు. తన జోలికి ఎవరూ రారని ఆ పుంజుకు ఎలా తెలిసిందో తెలియదు గానీ, తెలిసింది. ఆ తర్వాత అది ఎవరికీ దారి ఇవ్వలేదు. పోస్టుమాన్ సైకిలు మీద ఎక్కి కూర్చునేది.

ఇక శ్రావణమాసం నోటీసు దగ్గరికి వస్తాను.

'మీకు మంజూరైన ఆస్తి, మూలచిత్రముతో పోల్చి చూడగా, ముందస్తు అనుమతి లేకుండా విస్తరించినట్లు గమనించడమైనది. ఇట్టి విస్తరణకు గల కారణములను వారము లోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనిచో ఆస్తి స్వాధీనము చేసుకొనబడును.'

నేను రెండుసార్లు చదివి వినిపించాను.

"రాయవే శేషూ" అంది అమ్మ. "గడ్డి తిన్నది. పెరిగింది."

"ఇంకా?"

"ఇంకేముంది? నీళ్ళు కూడా తాగింది."

బళ్ళో నేర్పిన పద్ధతిలో పైన ఊరు పేరు, తేదీ వేసి, గౌరవనీయులైన అని మొదలుపెట్టి అదే రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది: 'సదరు గడ్డి ఏ పథకము క్రింద మంజూరైనది?'

మళ్ళీ మండలాఫీసుకు వెళ్ళాం. భుజంగరావు గారు మాకు కుర్చీలు వేయించారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన టేబులు మీద నోటీసులు ఎంత ఎత్తున ఉన్నాయంటే, వాటి మీదుగా మమ్మల్ని చూడడానికి ఆయన నిలబడి మాట్లాడాల్సి వచ్చింది.

"చూడమ్మా, పెరగొద్దని ప్రభుత్వం అనదు. ప్రభుత్వం అభివృద్ధికి వ్యతిరేకం కాదు. చెప్పి పెరగాలి అంటుంది, అంతే."

"పెయ్యకు చెప్పాలా సార్, మీకు చెప్పాలా?" అంది అమ్మ.

"పెయ్యను నిలిపి, మాకు చెప్పి, మేం కొత్త కొలతలు ఆమోదించాక పెరగనివ్వాలి."

"ఆమోదం ఎప్పుడొస్తుంది?"

"కుట్టుమిషన్లకు అట్లాంటి కాలమ్ లేదు. పైకి రాశాను."

నాయనమ్మ నా రెక్క పట్టుకుని ముందుకు తోసింది. "ఇదిగో నాయనా, నా మనవరాలు. మీరు ఫొటో తీసిననాడు నా భుజం కాడికి ఉండేది. ఇయ్యాల నా తల దాటింది. దీన్ని గూడా పట్టుకపోతారా?"

భుజంగరావు గారు నవ్వలేదు. ట్యాబులో మూలచిత్రం తెరిచి, పెద్దది చేసి, నాలుగు మూలలా వెతికారు. "ఈ పాప చిత్రంలో లేదు. కాబట్టి ఇబ్బంది లేదు" అన్నారు.

నేను నాయనమ్మ వెనక్కి పోయాను.

అయితే దారి దొరికింది నాకే. మరుసటి సోమవారం ఫోను పట్టుకుని చూస్తుంటే, దూరాన చేలగట్టు మీద పోతున్న ఒక ట్రాక్టరు అమ్మ మోచేతికి పైన అగ్గిపెట్టెంత కనిపించింది. అమ్మ చెవిలో చెప్పాను. అమ్మ నల్లపూసను వాకిలి దాటించి, కొట్టం అవతల నిలబెట్టి వచ్చింది. ఫోనులో చూస్తే అచ్చం ఏడాది పెయ్య. అమ్మ కదలలేదు, ఫోను కదలలేదు, స్థలం మారలేదు. యాప్‌లో ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

భుజంగరావు గారికి ఎంత సంతోషం కలిగిందంటే, స్వయంగా వచ్చి చూసిపోయారు. "దీన్ని దృశ్య సమతుల్యత అంటారు" అన్నారు. ఆ మాట ఆయనే అప్పటికప్పుడు పుట్టించారు. వారం తిరక్కుండా మండలమంతా సర్క్యులర్ పోయింది: విస్తరించిన ఆస్తులను తగినంత దూరమున నిలుపవలెను.

నల్లపూస పెరుగుతూ పోయింది. మేం దాన్ని దూరం జరుపుతూ పోయాం. మొదట కొట్టం అవతల. తర్వాత దిబ్బ దగ్గర. ఆ పైన కాలవ గట్టు మీద. అడ్డంగా ఉన్న తుమ్మకంపను బాబాయి కొట్టేశాడు. దూరం పెరిగేకొద్దీ బొట్టు కనపడక, 'చిహ్నం అస్పష్టం' అని రావడం మొదలైంది. అందుకని బొట్టు పెద్దది చేశాం. రూపాయి బిళ్ళంత ఉన్నది అరచేయంత అయింది, తర్వాత పళ్ళెమంత అయింది. రెండో ఏడు తిరిగేసరికి నల్లపూస మొహమంతా పసుపే. కాలవ గట్టు మీద నిలబడి చూస్తుంటే, ఎవరో పెద్దముత్తయిదువ పేరంటానికి పిలవడానికి వచ్చినట్టుండేది.

"నాకు పెళ్ళికి కూడా ఇంత పసుపు పూయలేదే" అనేది నాయనమ్మ నూరుతూ.

సోమవారం ఉదయాల్లో మా ఊళ్ళో పథకం గేదెలన్నీ పసుపు మొహాలతో పొలాలకు అడ్డంపడి తలో దిక్కుకూ నడుస్తుండేవి. ఎవరి గేదె ఎంత దూరం పోతే వాళ్ళు అంత బాగా మేపుతున్నట్టు లెక్క. "మీదెక్కడి దాకా పోయింది?" "మాది కాలవ గట్టు." "అబ్బో! మాదింకా దిబ్బ కాడే, సరైన తవుడు పడట్లా" అని మాట్లాడుకునేవాళ్ళు.

అమ్మ మాత్రం ఇవేమీ పట్టించుకునేది కాదు. నల్లపూస పక్కన కూర్చుని, దాని డొక్కలు తడుముతూ, "ఇంకొంచెం ఓపిక పట్టు. నువ్వు ఈనిన రోజున ఒకరి కొట్టంలోకి పోను. ఇక్కడే కూర్చుంటా" అని చెప్పేది. దానికి అర్థమైనట్టే చెవులు ఊపేది.

మూడో ఏడు అది సూడి కట్టింది. వాకిట్లో పండగ. నేనే తప్పు చేశాను. ఏటా పంపాల్సిన వినియోగ ధ్రువీకరణ పత్రంలో 'ఆస్తిని ఏ మేరకు వినియోగించుకున్నారు?' అనే ప్రశ్న ఉంది. ఇంకా పాలు లేవు కదా, ఏం రాయాలో తోచక, 'ప్రస్తుతం సూడితో ఉంది' అని ఉన్న మాట రాశాను.

జిల్లా నుంచి ఫోను వచ్చింది. భుజంగరావు గారు చెమటలు తుడుచుకుంటూ మోటారు సైకిలు మీద వచ్చారు.

"ఏమ్మా, ఎంత పని చేశారు! మంజూరైంది ఒక ఆస్తి. దాని లోపల రెండో ఆస్తి ఉన్నదని మీరే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఏ పద్దు కింద?"

అమ్మ, నాయనమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాయనా," అంది నాయనమ్మ, "నీకు పెళ్ళయిందా?"

"అయిందమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు. పై నుంచి తనిఖీ బృందం వస్తోంది. బాహ్య విస్తరణ ఒకటి, అంతర్గత విస్తరణ ఒకటి. రెండూ రుజువైతే లారీ ఎక్కించాల్సిందే."

"ఎప్పుడు?"

"సోమవారం."

అమ్మ ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. నల్లపూస పొదుగు దిగుతోంది. ఇక నెల కూడా లేదు. "ఎవరి వాకిట్లోనో ఈనుద్ది. ఎవరో పితుక్కుంటారు" అనేది. ఇంకేమీ అనేది కాదు. నేనెందుకు రాశానా అని నాకు ఏడుపు వచ్చేది. తిట్టినా బాగుండేది.

సోమవారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. నాయనమ్మ పసుపు నూరి బొట్టు పెట్టింది. కాలవ గట్టుకు తోలుకుపోవాలని అమ్మ బయల్దేరింది గానీ, దిబ్బ దాటకముందే ఆ వానలో నల్లపూస జారింది. నిండుసూలాలిని గట్టు ఎక్కించడం ఇష్టం లేక అమ్మ దాన్ని వెనక్కి తెచ్చి కొట్టంలో కట్టేసింది. "ఎటూ వాళ్ళు పట్టుకపోయేదే గదా. తడవకుండా పోనీ" అంది.

అప్పుడే జీపు వచ్చింది. వెనకాల లారీ. జీపులోంచి సంయుక్త పర్యవేక్షకురాలు విశాలాక్షి గారు గొడుగు కింద దిగారు. అమ్మ పట్టుచీరలో వణుకుతూ నిలబడింది. పుంజు దాని చోట అది మెడ నిక్కించి నిలబడింది.

"లబ్ధిదారు?"

"సరిపోలింది మేడం" అన్నారు భుజంగరావు గారు ట్యాబు మీద చెయ్యి అడ్డం పెట్టి.

"స్థలం?"

"కోడితో సహా సరిపోలింది."

"ఆస్తి?"

భుజంగరావు గారు కొట్టంలోకి తొంగి చూశారు. నల్లపూస ఎదురుగా, కొట్టమంత వెడల్పున నిలబడి నెమరేస్తోంది. దాని మొహం వానకు శుభ్రంగా కడుక్కుపోయి నల్లగా మెరుస్తోంది. ఆయన దాన్ని చూశారు. ట్యాబును చూశారు. మళ్ళీ దాన్ని చూశారు.

"గుర్తింపు చిహ్నం కనపడడం లేదు మేడం."

"అంటే?"

"అంటే... నియమం ప్రకారం... ఆస్తి కనపడడం లేదు."

ఆయన వెంటనే నాయనమ్మ వైపు తిరిగి గుసగుసగా, "అమ్మా, పసుపు! తొందరగా!" అన్నారు. సోమవారం పసుపు నూరడం నాయనమ్మకు ఇన్నాళ్ళ అలవాటు. ఆమె అప్పటికే లేచింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. నాయనమ్మ నన్ను చూసి, మళ్ళీ కూర్చుంది.

"ఒక్క నిమిషం మేడం, మచ్చ వస్తోంది" అన్నారు భుజంగరావు గారు.

"వచ్చే మచ్చ చెల్లదు. ఉన్న మచ్చే చెల్లుతుంది" అన్నారు మేడం. "ఆస్తి కనపడనప్పుడు ఏం చేయాలో చదవండి."

ఆయన చదివారు. "అదృశ్యమైన ఆస్తిని స్వాధీనము చేసుకొనుట సాధ్యము కానందున, సదరు ఆస్తిని రికార్డుల నుండి తొలగించి, లబ్ధిదారును భవిష్యత్తులో అన్ని పథకములకూ అనర్హురాలిగా ప్రకటించవలెను."

నల్లపూస ఒకసారి గట్టిగా అరిచింది. అందరం అటు చూశాం.

"మరి ఈ గేదె ఎవరిది?" అన్నారు మేడం.

"మాదే అమ్మా" అంది అమ్మ. అబద్ధం ఆడడం ఆమెకు రాదు.

"పథకంలోదేనా?"

అమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. కొత్తవాళ్ళ ముందు గొంతు రానిదాన్ని నేను. అయినా మాట వచ్చింది.

"పథకంలోదానికి నుదుట పసుపు మచ్చ ఉంటుంది కదండీ."

అధికారుల ముందు నేను మాట్లాడిన మాట అదొక్కటే. అబద్ధం కూడా కాదు. వాళ్ళ కాగితంలోనే ఉంది.

మేడం నల్లపూస దగ్గరికి వెళ్ళి, గొడుగు పక్కకు వంచి, దాని నుదుటిని నిదానంగా పరిశీలించారు. "లేదు" అన్నారు. "రాసుకోండి."

భుజంగరావు గారు రాసుకున్నారు. ఆయన మొహంలో మొదటిసారి ఒక బరువు దిగినట్టు కనిపించింది. అంత ఎత్తు కట్టలో ఒక కాగితం తగ్గింది మరి.

"చూడండమ్మా," అన్నారు మేడం అమ్మతో, కొంచెం జాలిగానే, "ఇక మీకు జీవితాంతం ఏ పథకమూ రాదు."

"ఎప్పటికీ రాదా?" అంది నాయనమ్మ అరుగు మీద నుంచి.

"ఎప్పటికీ."

"మాట మీద నిలబడతారు గదా తల్లీ?"

లారీ ఖాళీగా వెనక్కి పోయింది. ఖాళీగా పోతున్నందుకు అమ్మ చేత ఒక సంతకం పెట్టించుకుని పోయింది.

అమ్మ పట్టుచీర విప్పి ఆరేసింది. అంచు అంతా పేడ మరకలే. ఉతికినా పోవని తెలిసినా మూడుసార్లు ఉతికింది. బాబాయి గోడ మీదుగా తొంగి చూసి, "వదినా, మరి నిర్మాణం?" అన్నాడు. అమ్మ నవ్వి తల ఊపింది. ఆదివారం బాబాయి వాళ్ళింటి నుంచి గిన్నెతో కూర వచ్చింది. ముక్క ఎంత కొరికినా తెగలేదు. ఇన్నేళ్ళు ప్రభుత్వ రక్షణలో ఉన్న కోడి మరి.

నల్లపూస ఒక సోమవారం ఉదయమే ఈనింది. పెయ్య దూడే. తడితడిగా, వణికే కాళ్ళ మీద లేవబోయి పడి, మళ్ళీ లేచింది. అమ్మ ఆ రోజు పేడ తీయడానికి ఎవరింటికీ పోలేదు. మా కొట్టంలోనే ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

నాయనమ్మ గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. సోమవారం కదా, అలవాటుగా నా చెయ్యి ఫోను మీదికి పోయింది.

అమ్మ వాకిట్లోకి వెళ్ళి, వీధి ఆ చివరా ఈ చివరా చూసి, తడిక మూసి వచ్చింది.

"శేషూ, ఆ ఫోను లోపల పెట్టు" అంది.

పెట్టాను. అప్పుడు నాయనమ్మ దూడ నుదుట గుండ్రంగా బొట్టు పెట్టింది. సాయంత్రానికి నల్లపూస దాన్ని నాకేసింది. ఎవరూ మమ్మల్ని వివరణ అడగలేదు.